రోగనిరోధక కణాలు తయారుచేసే టీఎస్‌హెచ్, మన థైరాయిడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

తెల్ల రక్తకణాలు కూడా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను) తయారుచేస్తాయని ఎక్కడో చదివి, చేతిలో ఉన్న థైరాయిడ్ రిపోర్టుని అనుమానంగా చూసేవాళ్లు చాలామంది. ఇదే అంశంపై ప్రాజెక్టు చేస్తూ పీసీఆర్ (జన్యు సందేశాన్ని పెంచి గుర్తించే పరీక్ష) దగ్గర ఇరుక్కునే విద్యార్థులూ తక్కువేం కాదు. ఇద్దరి సందేహాలూ మళ్లీమళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

తెల్ల రక్తకణాలు టీఎస్‌హెచ్ తయారుచేస్తాయా? అది పిట్యుటరీ పని కదా?

రెండూ నిజమే. రక్తంలో తిరిగే టీఎస్‌హెచ్ దాదాపు అంతా పిట్యుటరీ గ్రంథి ముందు భాగంలోని థైరోట్రోప్ కణాల నుంచే వస్తుంది. అయితే లింఫోసైట్లు, మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, ఎముక మజ్జలోని వాటి పూర్వకణాలు కూడా కొద్దిగా తయారుచేస్తాయి. 1983లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం గాల్వెస్టన్‌లో ఎరిక్ స్మిత్, ఎడ్విన్ బ్లాలాక్ బృందం దీన్ని బయటపెట్టింది. వాళ్లు మనిషి లింఫోసైట్లను స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా విషమైన ఎంటెరోటాక్సిన్-ఏతో రెచ్చగొట్టారు. టీఎస్‌హెచ్‌ని గుర్తుపట్టే యాంటీబాడీలకు చిక్కే పదార్థాన్ని ఆ కణాలు విడుదల చేశాయి. అంతకుముందే అదే బృందం లింఫోసైట్లలో ఏసీటీహెచ్, ఎండార్ఫిన్‌ల వంటి పదార్థాలనూ చూసింది. రోగనిరోధక వ్యవస్థ, హార్మోన్ల వ్యవస్థ ఒకే భాష మాట్లాడతాయన్న ఆలోచన బలపడింది ఆ ప్రయోగాలతోనే.

అలాంటప్పుడు థైరాయిడ్‌కి ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

పిట్యుటరీయే. మెదడులోని హైపోథలమస్ నుంచి మూడే అమైనో ఆమ్లాలున్న టీఆర్‌హెచ్ అనే హార్మోను వస్తుంది. దాంతో పిట్యుటరీ టీఎస్‌హెచ్ వదులుతుంది. థైరాయిడ్ తన హార్మోన్లయిన టీ4ని ఎక్కువగా, టీ3ని కొద్దిగా ఇస్తుంది. రక్తంలో టీ4, టీ3 పెరిగితే పై రెండూ తగ్గుతాయి. పిట్యుటరీ చేసేది ఊరంతటికీ మైకులో చెప్పడం. రోగనిరోధక కణం చేసేది గోడ మీంచి పక్కింటికి చెప్పడం. అది విడుదల చేసినది ఆ చుట్టుపక్కల కణాలకే అందుతుంది. మైకు ఆగిపోతే ఊరికి కబురు అందదు, గోడ మీద మాట ఆ లోటు తీర్చదు.

ఈ కణాలు చేసేది మామూలు టీఎస్‌హెచ్చేనా?

పూర్తిగా కాదు. అసలు విషయం ఇక్కడే ఉంది.

టీఎస్‌హెచ్‌లో రెండు ముక్కలుంటాయి. ఆల్ఫా ముక్కలో 92 అమైనో ఆమ్లాలు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, గర్భధారణ హార్మోను హెచ్‌సీజీలలో ఉండేదీ ఇదే ఆల్ఫా. బీటా ముక్కలో 118 అమైనో ఆమ్లాలు, టీఎస్‌హెచ్‌కి ప్రత్యేకత తెచ్చేది ఇదే. మనిషిలో బీటా జన్యువుకి మూడు ఎక్సాన్లు (చివరి సందేశంలో మిగిలే ముక్కలు). మొదటిదానిలో ప్రోటీన్ సంకేతం లేదు. రెండోది సిగ్నల్ పెప్టైడ్‌నీ (ప్రోటీన్‌కి కణం బయటికి దారిచూపే ముక్క), మొదటి 34 అమైనో ఆమ్లాలనీ ఇస్తుంది. మిగతా 84 మూడోదాని నుంచి వస్తాయి.

హ్యూస్టన్‌లో జాన్ క్లైన్ బృందం 2009లో తెల్ల రక్తకణాల్లో బీటా ముక్కకి పొట్టి రూపాన్ని గుర్తించింది. దీనిలో రెండో ఎక్సాన్ ఉండదు. రెండో ఇంట్రాన్ (ఎక్సాన్ల మధ్య ఉండి మామూలుగా కత్తిరించి పారేసే ముక్క) చివరి 27 న్యూక్లియోటైడ్లు, అంటే జన్యు అక్షరాలు, మిగిలిపోయి, వాటికి మూడో ఎక్సాన్ కలుస్తుంది. ఆ 27 నుంచి 9 అమైనో ఆమ్లాలు వస్తాయి. అంటే అసలు బీటాలో సుమారు 71 శాతం మిగిలినట్టు. దీన్నే టీఎస్‌హెచ్ బీటా స్ప్లైస్ వేరియంట్ అంటారు. పిట్యుటరీలో, థైరాయిడ్‌లో కూడా ఇది కనబడుతుంది. తెల్ల రక్తకణాల్లో మాత్రం ప్రధానంగా ఉండే రూపం ఇదే.

పొట్టి రూపం కదా, అసలు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. చిట్టెలుక వేరియంట్‌ను ప్రయోగశాలలో పెరిగే థైరాయిడ్ కణాలకు కలిపినప్పుడు వాటిలో సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువు పెరిగింది. మామూలు టీఎస్‌హెచ్ తన గ్రాహకానికి అతుక్కున్నా కణం లోపల పెరిగేది ఇదే. రీయోవైరస్ సోకిన చిట్టెలుకల థైరాయిడ్‌లో ఈ వేరియంట్ ఎక్కువైంది కూడా. ఎముక మజ్జ నుంచి బయలుదేరిన కణాలు థైరాయిడ్‌లోకి చేరి, ఫాలికిళ్ల (హార్మోను తయారయ్యే చిన్న సంచుల) మధ్య కూర్చుని దీన్ని తయారుచేస్తాయని ఆ ప్రయోగాలు చూపాయి.

శరీరానికి దీనితో ఏం అవసరం?

ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు శక్తి ఖర్చును సర్దడానికి థైరాయిడ్‌ని అక్కడికక్కడే సవరించే ఏర్పాటు కావచ్చన్నది క్లైన్ ప్రతిపాదన. ఇది ఆలోచనే, తేలిన విషయం కాదు. ఆధారం ఇంకాస్త గట్టిగా ఉన్నది థైరాయిడ్ బయట. టీఎస్‌హెచ్ గ్రాహకం సరిగా పనిచేయని చిట్టెలుకల్లో పేగు గోడలోని కొన్ని రకాల టీ కణాలు తగ్గాయని 1997లో తేలింది. డెండ్రిటిక్ కణాల (ఇవీ రోగనిరోధక కణాలే) మీద ఆ గ్రాహకం ఉంది. టీఎస్‌హెచ్ ఎముక కణాలపై నేరుగా పనిచేసి అరుగుదలను అదుపులో పెడుతుందని 2003లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ పరిశోధకులు చిట్టెలుకల్లో చూపారు. ఎముక మజ్జలో మాక్రోఫేజ్ పక్కనే ఎముక కణం ఉంటుంది కాబట్టి, దగ్గర నుంచి అందే టీఎస్‌హెచ్‌కి అక్కడ అర్థం ఉంది.

జ్వరాల్లో టీ3 పడిపోయేది ఈ కణాల టీఎస్‌హెచ్ వల్లేనా?

ప్రధాన కారణం అది కాదు. తీవ్రమైన జబ్బులో ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి సైటోకైన్లు (రోగనిరోధక కణాలు వదిలే కబురు ప్రోటీన్లు) పెరుగుతాయి. అవి హైపోథలమస్, పిట్యుటరీ రెండింటినీ నెమ్మదింపజేస్తాయి. కాలేయంలో టీ4ని టీ3గా మార్చే మొదటి రకం డీఅయోడినేజ్ ఎంజైమ్ తగ్గుతుంది. టీ4ని పనికిరాని రివర్స్ టీ3గా మార్చే మూడో రకం పెరుగుతుంది. అందుకే ముందు పడేది టీ3. ఇన్ఫెక్షన్ జాగాకి చేరిన న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల్లో కూడా ఈ మూడో రకం ఎంజైమ్ ఉంటుంది. అది హార్మోను నుంచి విడగొట్టిన అయోడైడ్ బ్యాక్టీరియాను చంపడానికి ఉపయోగపడుతుందని భావిస్తున్నారు. హార్మోనును తయారుచేయడమే కాదు, విరగ్గొట్టి వాడుకోవడం కూడా ఈ కణాలకు తెలుసు.

## ప్రయోగశాలలో

పీసీఆర్‌లో మామూలు బీటానీ, వేరియంట్‌నీ విడిగా ఎలా పట్టాలి?

ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా పెంచాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండూ మూడో ఎక్సాన్‌లోనే పెడితే రెండు రూపాలూ కలిసి వస్తాయి, ఏది ఎంతో తెలియదు. మామూలు బీటా కోసం ఫార్వర్డ్ ప్రైమర్ రెండో ఎక్సాన్‌లో, రివర్స్ మూడోదానిలో పెట్టాలి. మనిషి వేరియంట్‌కైతే ఫార్వర్డ్ ప్రైమర్ ఆ 27 న్యూక్లియోటైడ్ల ముక్కలోనే కూర్చోవాలి. చోటు చిన్నది కాబట్టి ద్రవీభవన ఉష్ణోగ్రత సరిపోయేలా ప్రైమర్ పొడవు సర్దుకోవాల్సి వస్తుంది. వచ్చిన బ్యాండును ఒక్కసారైనా సీక్వెన్సింగ్ చేయించండి. బ్యాండు సైజు ఒక్కటే చూసి రాసిన థీసిస్ వైవాలో నిలబడదు.

ఆర్‌టీ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) కలపని కంట్రోల్‌లో కూడా వేరియంట్ బ్యాండు వస్తోంది. ఎందుకు?

జీనోమ్ డీఎన్‌ఏ మిగిలిపోవడం వల్ల. మామూలు జన్యువుల్లో ప్రైమర్ల మధ్య పెద్ద ఇంట్రాన్ వచ్చేలా పెడితే జీనోమ్ డీఎన్‌ఏ నుంచి బ్యాండు రాదు, వచ్చినా సైజులో తేడా పట్టిస్తుంది. ఇక్కడ ఆ రక్షణ లేదు. ఆ 27 న్యూక్లియోటైడ్లు, మూడో ఎక్సాన్ జీనోమ్‌లో కూడా పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి సైజు అచ్చంగా ఒకటే వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నమూనాకి డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని విరగ్గొట్టే ఎంజైమ్) చర్య తప్పనిసరి. కాలమ్ మీద ఒకసారి చేసినా చాలకపోతే ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర మళ్లీ చేయండి. ప్రతి నమూనాకీ ఆర్‌టీ లేని కంట్రోల్ పెట్టాలి, బ్యాచ్‌కి ఒకటి సరిపోదు. ఈ అంశంపై వచ్చే తప్పుడు పాజిటివ్‌లలో ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఫైకాల్ (సాంద్రతను బట్టి కణాలను వేరుచేసే ద్రావణం) మీద వేరుచేసిన కణాలు సరిపోతాయా?

ఏం అడుగుతున్నారన్నదాన్ని బట్టి. 1.077 సాంద్రత ద్రావణం మీద 400 జి వేగంతో 30 నిమిషాలు, బ్రేకు లేకుండా తిప్పితే మధ్య పొరలో లింఫోసైట్లు, మోనోసైట్లు దొరుకుతాయి. న్యూట్రోఫిల్స్ ఎర్రకణాలతో పాటు అడుక్కి పోతాయి. తెల్లకణాలన్నీ కావాలంటే ఎర్రకణాలను అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో పగలగొట్టి మిగతావి తీసుకోవాలి. రక్తాన్ని ఈడీటీఏ గొట్టంలో తీసి, సాధ్యమైనంత త్వరగా, వీలైతే రెండు గంటల్లో పని మొదలెట్టండి. గొట్టాన్ని రాత్రంతా ఉంచేస్తే కణాలు ఒత్తిడికి లోనై జన్యువుల తీరు మారిపోతుంది. మీరు కొలిచేది రోగి కణాన్ని కాదు, గొట్టంలో చెడిన కణాన్ని అవుతుంది.

కల్చర్ ద్రవంలో టీఎస్‌హెచ్‌ని మామూలు ఎలైసా (యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) కిట్‌తో కొలవచ్చా?

కొలవచ్చు, కానీ రెండు చోట్ల దెబ్బతింటారు. శాండ్‌విచ్ పద్ధతిలో రెండు యాంటీబాడీలు రెండు వేర్వేరు చోట్ల పట్టుకోవాలి. వాటిలో ఒకటి బీటా మొదటి 34 అమైనో ఆమ్లాలున్న భాగాన్ని గుర్తుపట్టేదైతే వేరియంట్ అసలు కనబడదు. ఫలితం సున్నా వస్తుంది, కణాలు ఏమీ తయారుచేయలేదని పొరబడతారు. రెండోది, మీడియంలో వేసే దూడ సీరంలో ఆ పశువు సొంత టీఎస్‌హెచ్ ఉండవచ్చు. కిట్ యాంటీబాడీ దానికీ అతుక్కుంటే ఉత్తి మీడియం కూడా పాజిటివ్ చూపిస్తుంది. చివరి 24 గంటలు సీరం లేని మీడియంలో ఉంచి, కణాలు లేని మీడియాన్ని పక్కన కంట్రోల్‌గా నడపండి.

చిట్టెలుక ఫలితాలను మనిషికి నేరుగా అన్వయించవచ్చా?

పద్ధతి వర్తిస్తుంది, వివరాలు వర్తించవు. చిట్టెలుక బీటా జన్యువుకి ఐదు ఎక్సాన్లు, మనిషికి మూడు. ప్రైమర్లు ఒకదానివి ఒకదానికి పనికిరావు. చిట్టెలుకలో చూసిన వైరస్ ప్రభావాన్ని మనిషి థైరాయిడ్‌లో అదే రీతిలో కొలవాలంటే జబ్బు మధ్యలో గ్రంథి ముక్క కావాలి, అది సాధారణంగా దొరకదు.

## రిపోర్టు చేతికొచ్చాక

నా రిపోర్టులోని టీఎస్‌హెచ్ అంకెలో తెల్లకణాల వాటా ఉంటుందా?

లెక్కలోకి తీసుకునేంత ఉండదు. మీ అంకె పిట్యుటరీ చెప్పే మాటే. పెద్దవాళ్లలో సాధారణ పరిధి సుమారు 0.4 నుంచి 4.0, ల్యాబును బట్టి కొద్దిగా మారుతుంది. లీటరుకి మిల్లీ యూనిట్లు అన్నా, మిల్లీలీటరుకి మైక్రో యూనిట్లు అన్నా విలువ ఒకటే. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది. పోల్చి చూసుకోవాలంటే ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే వేళకి రక్తం ఇవ్వండి.

వేరియంట్‌ని కొలిచే పరీక్ష ఎక్కడ చేస్తారు?

రోగుల కోసం అలాంటి పరీక్ష లేదు. పరిశోధనల్లో మాత్రమే కొలుస్తారు. హషిమోటో (రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్ మీద తిరగబడే జబ్బు) రోగుల రక్తకణాల్లో అది పెరిగిందన్న పరిశోధన ఉంది గానీ, దాన్నిబట్టి మందు మోతాదు నిర్ణయించే పద్ధతి ఏదీ రాలేదు. ఈ పేరుతో ఎవరైనా ప్యాకేజీ అమ్మితే డబ్బు పెట్టకండి.

పిట్యుటరీ ఆపరేషన్ అయింది. తెల్లకణాలు టీఎస్‌హెచ్ ఇస్తాయి కదా, మాత్ర లేకుండా గడవదా?

గడవదు. పిట్యుటరీ దెబ్బతిన్నవాళ్లలో థైరాయిడ్ మందగించడమే ఈ కణాల టీఎస్‌హెచ్ ఎంత పరిమితమో చెప్పే గట్టి రుజువు. కాన్పులో విపరీతంగా రక్తం పోయాక వచ్చే షీహాన్ సిండ్రోమ్‌లోనూ ఇంతే. ఇలాంటివాళ్లలో టీఎస్‌హెచ్ తక్కువగా, ఒక్కోసారి మామూలుగా, కొంచెం ఎక్కువగా కూడా కనబడవచ్చు. ఆ టీఎస్‌హెచ్‌కి పని చేసే బలం తక్కువ. కాబట్టి మోతాదును ఫ్రీ టీ4 (రక్తంలో ప్రోటీన్లకి అతుక్కోకుండా ఉన్న టీ4) చూసి సరిచేస్తారు, టీఎస్‌హెచ్ చూసి కాదు.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించినది. థైరాక్సిన్ (మాత్రగా ఇచ్చే టీ4) మొదలుపెట్టే ముందు కార్టిజాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోను) చూడాలి. అది తక్కువుంటే ముందు హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, ఆ తర్వాతే థైరాక్సిన్. వరస తిరగబడితే అడ్రినల్ సంక్షోభం వచ్చి రక్తపోటు పడిపోతుంది.

న్యుమోనియాతో ఆస్పత్రిలో ఉండగా థైరాయిడ్ పరీక్షలో తేడా వచ్చింది. మందు వేసుకోవాలా?

చాలాసార్లు అక్కర్లేదు. తీవ్రమైన జబ్బులో టీ3 ముందు తగ్గుతుంది. జబ్బు మరీ ముదిరితే టీ4, టీఎస్‌హెచ్ కూడా తగ్గుతాయి. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పైకి లేస్తుంది, 20 దాకా కూడా పోవచ్చు. ఈ దశలో తీసిన ఒక్క రిపోర్టుతో జీవితాంతం మాత్రకి కట్టుబడడం అన్యాయం. ఐసీయూలో ఇచ్చే డోపమైన్, స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ని అణచివేస్తాయి. కోలుకున్నాక ఆరు వారాలకి మళ్లీ చేయించండి. టీఎస్‌హెచ్ 20 దాటినా, 0.01 కన్నా పడిపోయినా, మెడ వాపు, గుండెదడ వంటి లక్షణాలున్నా డాక్టరు ఆగకుండా చూస్తారు.

టీపీఓ యాంటీబాడీలు ఎక్కువున్నాయి. అంటే నా తెల్లకణాలు హార్మోను చేస్తున్నాయనా?

కాదు. యాంటీబాడీ వేరు, హార్మోను వేరు. టీపీఓ యాంటీబాడీ అంటే థైరాయిడ్ లోపలి ఎంజైమ్‌ని రోగనిరోధక వ్యవస్థ పరాయిదనుకుంటోందని గుర్తు. ఈ యాంటీబాడీలు ఎక్కువగా కనబడే హషిమోటో జబ్బును జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను పరిశీలించి వర్ణించాడు. గ్రంథి నిండా లింఫోసైట్లు చేరి ఉన్నాయి. 1956లో లండన్‌లో రోయిట్, డోనియాక్ బృందం హషిమోటో రోగుల రక్తంలో థైరోగ్లోబ్యులిన్‌పై యాంటీబాడీలను చూపింది.

అయితే రోగనిరోధక కణం చేసిన పదార్థం నిజంగానే టీఎస్‌హెచ్‌లా ప్రవర్తించే జబ్బు ఒకటుంది, అది థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్. అదే 1956లో న్యూజీలాండ్‌లో ఆడమ్స్, పర్వ్స్ కొందరు రోగుల రక్తంలో టీఎస్‌హెచ్ కన్నా ఎక్కువసేపు థైరాయిడ్‌ని ఉత్తేజపరిచే పదార్థాన్ని కనిపెట్టారు. అది బీ కణాల సంతతి తయారుచేసే యాంటీబాడీ అని తర్వాత తేలింది. అది టీఎస్‌హెచ్ గ్రాహకానికి అతుక్కుని గ్రంథిని ఆపకుండా నడుపుతుంది. పిట్యుటరీ టీఎస్‌హెచ్‌ని ఎంత తగ్గించుకున్నా ప్రయోజనం ఉండదు. మామూలు టీఎస్‌హెచ్ గర్భంలోని మాయను (ప్లాసెంటా) అంతగా దాటదు గానీ ఈ యాంటీబాడీ దాటుతుంది. కాబట్టి గ్రేవ్స్‌కి థైరాయిడ్ తీసేయించుకున్న గర్భిణి కూడా ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కడుపులో బిడ్డ గుండె వేగం చూడాల్సి రావచ్చు.

జుట్టు కోసం బయోటిన్ వాడుతున్నా. రిపోర్టు మారుతుందా?

మారుతుంది. జుట్టు, గోళ్ల మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉండడం మామూలు. చాలా యంత్రాలు బయోటిన్, దానికి గట్టిగా అతుక్కునే స్ట్రెప్టావిడిన్ ప్రోటీన్‌ల జోడీ మీద నడుస్తాయి. దాంతో టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, ఫ్రీ టీ4 తప్పుగా ఎక్కువ వచ్చి, లేని హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ అతిగా పనిచేయడం) ఉన్నట్టు కనిపిస్తుంది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. ఇంకా ఎక్కువ మోతాదు వాడేవాళ్లు ల్యాబులో ముందే చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడగండి.

టీఎస్‌హెచ్ బాగా ఎక్కువ, ఫ్రీ టీ4 మామూలు, లక్షణాలేమీ లేవు. ఏమై ఉండొచ్చు?

ఎక్కువ సందర్భాల్లో తొలిదశ హైపోథైరాయిడ్ (థైరాయిడ్ మందగించడం). అంకె మరీ పెద్దదై, మాత్ర వేసినా ఊహించినట్టు దిగకపోతే మాక్రో-టీఎస్‌హెచ్ గురించి ఆలోచించాలి. టీఎస్‌హెచ్ ఐజీజీ యాంటీబాడీకి అతుక్కుని పెద్ద ముద్దగా రక్తంలో నిలిచిపోతుంది. యంత్రం దాన్నీ లెక్కేస్తుంది, థైరాయిడ్‌ మీద మాత్రం అది పనిచేయదు. ల్యాబులో పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ముద్దను కిందికి దింపి, మిగిలిన దానిలో మళ్లీ కొలుస్తారు. ఆ పరీక్ష దొరకనిచోట వేరే కంపెనీ యంత్రంలో చేయించడం మొదటి మెట్టు.

## మందు మొదలయ్యాక

రోగనిరోధక శక్తి పెంచే పొడులు వాడితే థైరాయిడ్ బాగవుతుందా?

దీనికి ఆధారం లేదు. హషిమోటోలో సమస్య రోగనిరోధక శక్తి తక్కువై కాదు, అది తప్పు చోట తిరగబడి. అశ్వగంధ వాడాక థైరాయిడ్ హార్మోన్లు పెరిగి గుండెదడతో వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సముద్రపు నాచు మాత్రల్లో అయోడిన్ అవసరానికి మించి ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు, గర్భిణులకి 250 చాలు. అయోడిన్ ఉప్పుతో వంట చేసుకునే ఇంట్లో విడిగా నాచు మాత్ర అక్కర్లేదు.

యాంటీబాడీలు తగ్గాయి. మాత్ర మానొచ్చా?

యాంటీబాడీ అంకెను బట్టి మానకూడదు. గ్రంథిలో చెడిపోయిన కణజాలం తిరిగి రావడం అరుదు. మినహాయింపు కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్. అది చాలామందిలో ఏడాది లోపు సర్దుకుంటుంది, అప్పుడు డాక్టరు మోతాదు తగ్గించి చూస్తారు. టీపీఓ పరీక్షను ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీమళ్లీ చేయించనక్కర్లేదు.

క్యాన్సర్‌కి ఇమ్యునోథెరపీ మొదలయ్యాక థైరాయిడ్ ఎందుకు పాడవుతోంది?

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ వంటి మందులు టీ కణాల మీది కళ్లెం వదులుగా చేస్తాయి. ఆ టీ కణాలు కణితితో పాటు థైరాయిడ్ మీదా పడతాయి. మొదట నిల్వ హార్మోను ఒలికి గుండెదడ, బరువు తగ్గడం. కొన్ని వారాలకి అది తిరగబడి హైపోథైరాయిడ్. నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చూడాలి. ఇపిలిముమాబ్‌తో పిట్యుటరీయే వాయవచ్చు. అప్పుడు తలనొప్పి, నీరసంతో పాటు ఫ్రీ టీ4 తక్కువుంటుంది, టీఎస్‌హెచ్ తక్కువగానో మామూలుగానో కనబడుతుంది. ఒక్క టీఎస్‌హెచ్చే చేయిస్తే ఇది చేజారుతుంది. అనుమానం రాగానే కార్టిజాల్ చూసి, తక్కువుంటే ముందు స్టెరాయిడ్ ఇస్తారు.

మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదు. రోగనిరోధక కణాల వల్లా?

ముందు వేసుకునే పద్ధతి చూడండి, కారణం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. పరగడుపున, మంచినీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. ఆ లోపు కాఫీ తాగితే మందు ఒంటికి పట్టేది తగ్గుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భిణులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పొద్దున ఐరన్, థైరాయిడ్ రెండూ ఒకేసారి మింగేస్తారు. గ్రంథి పూర్తిగా పనిచేయనివాళ్లకి మోతాదు సుమారు కిలో బరువుకి 1.6 మైక్రోగ్రాములు. టీ4 అర్ధాయువు ఏడు రోజులు కాబట్టి మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. రెండు వారాలకే చేయిస్తే అంకె ఇంకా కదులుతూనే ఉంటుంది. డబ్బాను పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టకండి. ఇవన్నీ సరిగా ఉన్నా దిగకపోతే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని పేగు జబ్బు), కడుపులో హెచ్ పైలోరి బ్యాక్టీరియా, గ్యాస్ మాత్రల వాడకం గురించి డాక్టరుతో మాట్లాడండి.